మన ఇంటి మిలిటరీ ఆయన సర్వీసు కథ ఎలా అడగాలి, ఎలా రాసిపెట్టాలి, థాంక్స్ ఎలా చెప్పాలి

మన చుట్టాల్లోనో వీధిలోనో ఒక మిలిటరీ ఆయన ఉంటాడు. అందరూ మిలిటరీ తాత అనో మిలిటరీ బాబాయ్ అనో పిలుస్తారు. క్యాంటీన్ సరుకులు తెచ్చిపెడతాడని తెలుసు, పెన్షన్ వస్తుందని తెలుసు, తెల్లారకముందే లేచి గడ్డం గీసుకుని నడకకి పోతాడని కూడా తెలుసు. కానీ ఏ రెజిమెంటు, ఏ సంవత్సరం చేరాడు, ఎక్కడెక్కడ ఉన్నాడు అని అడిగితే సొంత కొడుకులు కూడా "బోర్డర్‌లో చేశార్రా" అని ఊరుకుంటారు. ఆగస్టు 15కి స్కూల్లో పిలిచి శాలువా కప్పి ఫోటో దిగి పంపించేస్తాం, ఆయన ఏం చేసొచ్చాడో ఆ శాలువా కప్పినాయనకీ తెలీదు, చప్పట్లు కొట్టిన పిల్లలకీ తెలీదు. నేను చెప్పేది ఒకటే, ఆయన సర్వీసులో ఏం జరిగిందో తెలుసుకోకుండా చెప్పే థాంక్స్ ఆయనదాకా పోదు. ముందు కూర్చుని వినాలి, రాసిపెట్టాలి, అప్పుడు చెప్పే థాంక్స్ వేరేగా ఉంటుంది.

టైం కూడా లేదు. 62 చైనా యుద్ధంలో ఇరవై ఏళ్ళ కుర్రాడిగా ఉన్నాయన ఇప్పుడు ఎనభై దాటేశాడు, 71 పాకిస్తాన్ యుద్ధంలో ఉన్నవాళ్ళు డెబ్బైల్లో ఉన్నారు, మొన్నటిదే అనుకునే కార్గిల్ వాళ్ళలో కూడా చాలామందికి యాభై దాటింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్ళు వేరు, దాన్ని మిలిటరీ మాధవరం అనే అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ తరతరాలుగా సైన్యానికి వెళ్తున్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి కాబట్టి రచ్చబండ దగ్గర కూర్చుంటే ఒకరి మాట ఇంకొకరికి అర్థమవుతుంది. మిగతా ఊళ్ళలో ఆయన ఒక్కడే. పదిహేనేళ్ళో ఇరవై ఏళ్ళో పల్టన్‌లో గడిపి వచ్చి, దాని గురించి మాట్లాడ్డానికి మనిషి లేక మానేసినవాళ్ళు చాలామంది. వాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నా.

ముందు ట్రంకు పెట్టె

నేరుగా ఫోన్ రికార్డర్ ఆన్ చేసి "తాతయ్యా మీ కథ చెప్పండి" అంటే "ఏముందమ్మా చెప్పడానికి" అని తేల్చేస్తారు. అందుకని ముందు కాగితాలు, వస్తువులు చూపించమని అడగండి. దాదాపు ప్రతి మిలిటరీ ఇంట్లో ఒక నల్ల ట్రంకు పెట్టె ఉంటుంది, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి ఉంటాయి. నంబరు ముందు జేసీ అని ఉంటే నాయబ్ సుబేదారో సుబేదారో అయ్యాడన్నమాట, అంటే కింద నుంచి ఎదిగి జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) అయినాయన, ఆ సంగతి ఇంట్లో చాలామంది గమనించి కూడా ఉండరు.

పెట్టెలో ముఖ్యమైనది డిశ్చార్జ్ బుక్. ఎప్పుడు భర్తీ అయ్యాడు, ఏ ట్రేడు, ఏ కోర్సులు చేశాడు, ఏ మెడల్స్ వచ్చాయి, ఎప్పుడు ఏ కారణంతో బయటికొచ్చాడు, క్యారెక్టర్ ఏమని రాశారు, అన్నీ దాంట్లో ఉంటాయి. క్యారెక్టర్ దగ్గర ఎగ్జెంప్లరీ (ఆదర్శప్రాయం) అని రాసి ఉంటే అది ఊరికే రాసే మాట కాదు, పైకి చదివి ఆయనకి వినిపించండి, అక్కడే సగం బిగువు సడలుతుంది. పేజీలు నలిగిపోయి ఉంటాయి కాబట్టి చూసిన రోజే ప్రతి పేజీ ఫోటో తీసుకోండి.

తర్వాత మెడల్స్. వాటి రిబ్బన్ రంగులు చూసి అందంగా ఉన్నాయని పక్కన పెట్టేస్తాం గానీ మెడల్ అంచుని వెలుతురులో తిప్పి చూడండి, చాలా మెడల్స్‌కి అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. ఏ మెడల్ ఎందుకిస్తారో తెలిస్తే ఆయన నోరు విప్పకముందే సగం సర్వీసు మీకు కళ్ళ ముందు ఉంటుంది. సమర సేవా స్టార్, రక్షా మెడల్ ఉంటే 65 యుద్ధం నాటివి. పూర్వీ స్టార్ అంటే 71లో తూర్పు వైపు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ వైపు, పశ్చిమీ స్టార్ అంటే పాకిస్తాన్ పడమటి సరిహద్దు వైపు, సంగ్రామ్ మెడల్ కూడా 71దే. ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్ కార్గిల్‌వి. సియాచిన్ గ్లేసియర్ మెడల్ పేరులోనే ఉంది, హై ఆల్టిట్యూడ్ మెడల్ ఉంటే 9,000 అడుగుల పైన ఉద్యోగం చేశాడని. సైన్య సేవా మెడల్‌కి రిబ్బన్ మీద చిన్న పట్టీ ఉంటుంది, దాని మీద ఏ ప్రాంతమో రాసి ఉంటుంది. 9 ఏళ్ళ సర్వీసుకి ఒకటి, 20 ఏళ్ళకి ఒకటి వేరే ఉంటాయి. 1972 ఆగస్టు 15కి, 1997 ఆగస్టు 15కి సర్వీసులో ఉన్నవాళ్ళకి స్వాతంత్ర్యం 25 ఏళ్ళ మెడల్, 50 ఏళ్ళ మెడల్ ఇచ్చారు. ఇవన్నీ వరసగా పరిచి పెట్టి "బాబాయ్, ఈ పట్టీ ఎక్కడిది" అని అడగండి, ఆ ఒక్క ప్రశ్నకే గంట మాట్లాడినవాళ్ళని చూశాను నేను.

పాత ఉత్తరాలు ఉంటే ఇంకా మంచిది. అడ్రస్‌లో ఊరి పేరు ఉండదు, నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటుంది అంతే, ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. 56 అయితే ఢిల్లీ మీదుగా ఉత్తరం పడమర వైపు యూనిట్లకి, 99 అయితే కలకత్తా మీదుగా తూర్పు వైపు యూనిట్లకి వెళ్ళేవి. ఇంట్లోవాళ్ళకి ఆయన ఏ కొండ మీద ఉన్నాడో కూడా తెలియకుండా ఏళ్ళ తరబడి ఆ రెండంకెల నంబరుకి ఉత్తరాలు రాశారు, ఎంత ఓపిక ఉండాలో ఆలోచించండి. ఆ అంకెని బట్టి, పోస్టు ముద్ర మీద తేదీని బట్టి, ఏ సంవత్సరం ఏ వైపు ఉన్నాడో ఒక లెక్క కట్టొచ్చు. ఫోటోల వెనక స్టూడియో ముద్ర ఉంటుంది, జబల్పూర్ అనో అంబాలా అనో, అది కూడా ఆధారమే.

కాగితాలు ఏవీ లేవనుకోండి, వరదకి పోయాయి, చెద తినేసింది, అప్పుడు కూడా దారి ఉంది. ప్రతి రెజిమెంటుకీ కోర్‌కీ ఒక రికార్డ్స్ ఆఫీసు ఉంటుంది. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్, ఆర్టిలరీది నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్‌ది జబల్పూర్, వంతెనలు, రోడ్లు వేసే మద్రాస్ శాపర్స్‌ది బెంగళూరు, బండ్లు, యంత్రాలు రిపేరు చేసే ఈఎంఈ వాళ్ళదీ ఆయుధాలు, సామాను సరఫరా చేసే ఆర్డ్‌నెన్స్ వాళ్ళదీ మన సికింద్రాబాద్‌లోనే. నేవీ వాళ్ళకి ముంబైలో, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళకి ఢిల్లీలో. ఉత్తరం ఆయన పేరు మీద, ఆయన సంతకంతో వెళ్ళాలి, ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్ళండి. మధ్యలో బ్రోకర్ చేతిలో సర్వీసు నంబరు, ఆధార్, పెన్షన్ కాగితాలు మాత్రం పెట్టకండి.

ఈ కాగితాలు బయటికి తీసినప్పుడే ఇంకో పని చెయ్యండి, కథకి సంబంధం లేకపోయినా ఇది చాలా ముఖ్యం. డిశ్చార్జ్ బుక్‌లోనూ పీపీఓలోనూ (పెన్షన్ మంజూరు కాగితంలో) భార్య పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆవిడ ఆధార్‌తో పోల్చి చూడండి. ఒకదాంట్లో సత్యవతి, ఇంకోదాంట్లో సత్తెమ్మ అని ఉంటే ఆయన ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు, ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగాల్సొస్తుంది. ఆయన ఉండగానే సరిచేయించుకోవాలి. నిజం చెప్పాలంటే శాలువా కంటే ఇదే పెద్ద థాంక్స్.

కొంచెం చదువుకుని వెళ్ళండి

పూర్తిగా చరిత్రకారులు అవ్వక్కర్లేదు గానీ ఆయన సర్వీసు సంవత్సరాల్లో దేశంలో ఏం జరిగిందో తెలుసుకుని వెళ్తే ఆయనకి మీ మీద నమ్మకం కుదురుతుంది. 62 అక్టోబరు 20 నుంచి నవంబరు 21 దాకా చైనాతో. 65 సెప్టెంబరు 23కి పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ. 71 డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో లొంగుబాటు, దాదాపు 93,000 మంది బందీలు. 84 ఏప్రిల్ 13న సియాచిన్ మీదికి ఎక్కారు, ఆపరేషన్ మేఘదూత్, అక్కడ తూటాల కంటే చలికీ మంచుకీ పోయినవాళ్ళే ఎక్కువ. 87 నుంచి 90 మార్చి దాకా శ్రీలంకలో ఐపీకేఎఫ్, అంటే మన శాంతి సేన. 99 మే నుంచి జూలై 26 దాకా కార్గిల్, 527 మంది ప్రాణాలు. 2001 డిసెంబరు నుంచి ఆపరేషన్ పరాక్రమ్.

ఇందులో కార్గిల్, 71 గురించి అందరూ అడుగుతారు. మిగతావాటి దగ్గరే మనం ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నా గట్టి అభిప్రాయం. 62 వాళ్ళు ఓడిపోయిన యుద్ధం అని సిగ్గుతో మాట్లాడరు, సరైన బూట్లు లేకుండా, స్వెట్టర్లు లేకుండా ఆ మంచులో నిలబడింది వాళ్ళు, సిగ్గుపడాల్సింది వాళ్ళు కాదు. శ్రీలంక వెళ్ళొచ్చినవాళ్ళ పరిస్థితి ఇంకా బాధ, వెయ్యి మందికి పైగా మన జవాన్లు అక్కడ పోయారు, తిరిగొచ్చినవాళ్ళకి ఊరేగింపులు లేవు, ఎందుకెళ్ళారో కూడా జనానికి సరిగ్గా తెలీదు, ఇప్పటికీ ఆ ఊసెత్తితే "అదో పెద్ద కథలే" అని మాట మార్చేస్తారు. పరాక్రమ్‌లో యుద్ధమే జరగలేదు కాబట్టి అసలు లెక్కలోకే రాదు, కానీ నెలల తరబడి సరిహద్దులో గుడారాల్లో ఉన్నారు, మందుపాతరలు పాతుతూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎంతోమంది. ఆయన దగ్గర ఓపీ పరాక్రమ్ మెడల్ కనిపిస్తే తప్పకుండా అడగండి.

ఇంకో మాట, మిలిటరీ అంటే తుపాకీ పట్టుకుని కొండెక్కడమే అనుకోకండి. మన తెలుగువాళ్ళలో ఈఎంఈ మెకానిక్కులు, రేషన్, రవాణా చూసే ఏఎస్సీలో డ్రైవర్లు, సిగ్నల్స్ ఆపరేటర్లు, నర్సింగ్ అసిస్టెంట్లు, వంటవాళ్ళు, క్లర్కులు బోలెడుమంది. వీళ్ళని అడిగితే మొదటి మాటే "నేను ఫైటింగ్‌లో లేనమ్మా, బండి తోలేవాణ్ణి" అంటారు. ఆ బండి తోలిన రోడ్డు ఏదో అడగండి. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే దారిలో జోజిలా కనుమ 11,500 అడుగుల ఎత్తులో ఉంటుంది, పాత రోజుల్లో చలికాలమంతా మూసుకుపోయేది, తెరిచిన ఆ కొద్ది నెలల్లోనే ఏడాదికి సరిపడా రేషన్, కిరోసిన్, మందుగుండు పైకి చేర్చాలి, కాన్వాయ్‌లో ముందు బండి జారితే లోయలోకే. ఆ డ్రైవర్ లేకపోతే పైన పికెట్‌లో (కాపలా పోస్టులో) కూర్చున్నవాడికి తిండి లేదు. లంగర్‌లో, అంటే మిలిటరీ వంటశాలలో, రాత్రి రెండింటికి లేచి రొట్టెలు కాల్చినాయన సర్వీసు కూడా సర్వీసే, దాన్ని చిన్నది చేసి రాయకండి, ఆయన చిన్నది చేసుకుంటున్నా మీరు ఒప్పుకోకండి.

నేవీ ఆయనైతే విశాఖ గురించి అడగండి. 71 డిసెంబరు 3 రాత్రి తెల్లవారితే 4, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గరే మునిగిపోయింది, బీచ్ రోడ్డులో ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం ఆ యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిందే. దాని ముందు ఎంతమంది సెల్ఫీలు దిగుతారో, ఆ రోజుల్లో నేవల్ బేస్‌లో డ్యూటీ చేసిన పెద్దాయన అదే ఊళ్ళో ఏదో అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని ఉంటాడు.

అడిగే పద్ధతి

ఇల్లంతా చుట్టాలున్నప్పుడు అడగొద్దు. మీరు, ఆయన, మహా అయితే ఇంకొకరు. ఆయన రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టండి, ఫ్యాను చప్పుడు రికార్డింగ్‌లో పడుతుంది కాబట్టి వీలైతే ఆపేసి పొద్దుటిపూట పెట్టుకోండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఆయన ఛాతీకి దగ్గరగా టేబుల్ మీద పెట్టండి, చెవులు సరిగ్గా వినపడకపోతే ఆయనకి ఎదురుగా కూర్చుని మాట్లాడండి. రికార్డ్ చేస్తున్నానని చెప్పి, సరే అన్నాకే చెయ్యండి, దొంగచాటుగా మాత్రం వద్దు. గంట దాటితే ఆపెయ్యండి, ఒక్క రోజులో అయ్యే పని కాదిది.

మొదలుపెట్టడం ఎప్పుడూ భర్తీ దగ్గర నుంచి. ఇంట్లో చెప్పి వెళ్ళారా పారిపోయి వెళ్ళారా, పరుగు ఎలా పెట్టారు, ఛాతీ కొలిచినప్పుడు సరిపోయిందా, మొదటి రైలు ఎక్కినప్పుడు జేబులో ఏముంది, హిందీ ఒక్క ముక్క రాకుండా ట్రైనింగ్‌లో ఉస్తాద్ అరిచేది ఎలా అర్థమయ్యేది, అన్నం తినే మనిషి మూడు పూటలా రొట్టెకి ఎలా అలవాటు పడ్డాడు. ఇవి ఎవరైనా నవ్వుతూ చెప్పే సంగతులు. ఉస్తాద్ పేరు మాత్రం యాభై ఏళ్ళయినా మర్చిపోరు. ఇక్కడ ఆయన గొంతు లేచాక మిగతాది అదే వస్తుంది.

తర్వాత లీవు గురించి అడగండి, నా ఉద్దేశంలో అసలు కథ అక్కడే ఉంటుంది. ఏటా రెండు నెలల లీవు, టికెట్టు బదులు సైన్యం ఇచ్చే రైల్వే వారంట్ పట్టుకుని, హోల్డాల్ మోసుకుని, మూడేసి రోజులు జనరల్ బోగీలో. ఏ పండక్కి రాగలిగారు, ఏ పండక్కి రాలేకపోయారు, పెద్దబ్బాయి పుట్టినట్టు ఎన్ని రోజులకి తెలిసింది, వాళ్ళ నాన్నగారు పోయిన టెలిగ్రాం చేతికి అందేసరికి ఇక్కడ దినం అయిపోయిందా. ఇలాంటివి ఆయన తనంతట తాను చెప్పడు, ఎవరూ అడగలేదు కాబట్టి.

అడగకూడనివి కూడా చెప్తాను. ఎంతమందిని చంపారు అని అడగొద్దు, పిల్లలు అడగబోతే ముందే చెప్పి ఉంచండి. భయం వేసిందా అని మొహం మీద అడగొద్దు. పక్కనున్నవాడు పోయిన సంగతి దగ్గరికి వచ్చి ఆగిపోతే ఆగనివ్వండి, తర్వాత ఏమైంది అని తొందర పెట్టకండి, ఫోన్ మొహం దగ్గరికి జరపకండి. కాసేపు ఊరుకుంటే ఆయనే మొదలుపెడతాడు, లేదంటే టీ తాగుదాం అంటాడు, ఆ రోజుకి అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదనో కలవరించాడనో ఇంట్లోవాళ్ళు చెప్తే కొన్నాళ్ళు ఆ సబ్జెక్టే ఎత్తకండి. చాలా రోజులు అలాగే ఉంటే మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో డాక్టరుకి చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. మగవాడు, అందులోనూ మిలిటరీవాడు ఏడవకూడదు అనే మాట మాత్రం ఆయన ముందు ఎవర్నీ అననివ్వకండి.

ఆయన చెప్పింది అంతా బయటపెట్టేది కాదని కూడా గుర్తుంచుకోండి. కొన్ని విషయాలు "ఇది రాయకు" అంటారు, రాయకండి, కారణం కూడా అడగొద్దు. ఇప్పటికీ వాడకంలో ఉన్న పోస్టులు, డిపోలు, ఇంట్లో ఇంకొకరు సర్వీసులో ఉంటే వాళ్ళ పోస్టింగ్, ఇవేవీ ఫేస్‌బుక్‌లోకి వెళ్ళకూడదు. సర్వీసు నంబరు, పీపీఓ నంబరు కనిపించే ఫోటోలు కూడా పెట్టకండి, పెన్షనర్లని మోసం చేసేవాళ్ళకి అవే కావాలి.

ఇంట్లో ఆవిణ్ణి కూడా విడిగా కూర్చోబెట్టి అడగండి. అమ్మమ్మా, తాతయ్య లేనప్పుడు మనియార్డరు ఎన్నో తారీకుకి వచ్చేది, ఉత్తరం ఎవరు చదివి పెట్టేవారు, 71 డిసెంబర్లో రేడియో ఎవరింట్లో విన్నారు అని. ఆయన సర్వీసు ఇరవై ఏళ్ళయితే ఆవిడ కూడా ఆ ఇరవై ఏళ్ళూ అత్తారింట్లో పిల్లల్ని పెట్టుకుని పొలం, అప్పులు, రోగాలు అన్నీ ఒక్కతే ఈదింది. చాలా ఇళ్ళలో ఆవిడకి గుర్తున్న తేదీలే కరెక్టుగా ఉంటాయి.

రాయడం

ముందు ఒక్క పేజీలో పేరు, చేరిన తేదీ, రెజిమెంటు లేదా కోర్, ట్రేడు, ఏ సంవత్సరం ఎక్కడ, ఏ ర్యాంకుతో రిటైర్ అయ్యాడు, ఏ మెడల్స్, ఇంతవరకే రాయండి. రేపు మనవళ్ళకి కావాల్సింది ముందు ఆ పేజీయే. దాని తర్వాత ఆయన మాటల్లో కథ. ఆయన మాటల్ని గ్రాంథికంలోకి మార్చకండి, పల్టన్, లంగర్, ఫాలిన్, రోల్‌కాల్, బడాఖానా, పిట్టూ, వారంట్ ఇవన్నీ అలాగే ఉంచండి, మధ్యలో హిందీ ముక్కలు వస్తే అవీ ఉంచండి, అది ఆయన ఇరవై ఏళ్ళు మాట్లాడిన భాష. మద్రాస్ రెజిమెంటు ఆయనైతే "వీర మద్రాసీ, అడి కొల్లు అడి కొల్లు" అనే నినాదం ఆయన గొంతులోనే రికార్డ్ చేసుకోండి, రాస్తే ఆ ఊపు రాదు.

ఆయన చెప్పిన సంవత్సరం, కాగితంలో ఉన్న సంవత్సరం కలవకపోతే వాదన పెట్టుకోకుండా రెండూ రాసి పక్కన చిన్న నోట్ పెట్టండి. అలాగే పొగడ్త కోసం లేనిది కలపకండి. కమాండో కాని ఆయన్ని కమాండో అని, సేనా మెడల్ లేకపోయినా ఉందని రాస్తే చదివిన ఇంకో మిలిటరీ ఆయన ఒక్క నిమిషంలో పట్టేస్తాడు, పరువు పోయేది మీది కాదు, ఆయనది. పరమ వీర చక్ర ఇప్పటిదాకా దేశం మొత్తం మీద 21 మందికే వచ్చింది, ఆ పేర్లన్నీ అందరికీ తెలిసినవే. మిగతా లక్షల మంది ఏ చక్రమూ లేకుండానే డ్యూటీ చేసి వచ్చారు, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

రాసింది మొత్తం ఆయనకి పైకి చదివి వినిపించండి. తప్పులు దిద్దుతాడు, కొత్తవి గుర్తొస్తాయి, కొన్ని తీసెయ్యమంటాడు. అప్పుడు ప్రింటు తీసి, కాగితాల ఫోటోలు, రికార్డింగులు కలిపి కనీసం ఇద్దరు పిల్లల దగ్గర వేరువేరు ఊళ్ళలో ఉండేలా పెట్టండి.

ఇక థాంక్స్

ఇంత విన్నాక థాంక్స్ చెప్పడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు. "మీ సేవలకి ధన్యవాదాలు" అనే మాట మైకులో ఎవరైనా చదువుతారు. "తాతయ్యా, ఆ చలికాలం మీరు పైన పికెట్‌లో ఉన్నారు కాబట్టే కింద ఊళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి, నాన్న పుట్టినప్పుడు మీరు పక్కన లేరని నాకు ఇప్పుడే తెలిసింది, మీకు చాలా థాంక్స్" అని మీరే చెప్పగలరు. ఆయన "డ్యూటీ కదమ్మా" అంటాడు, అననివ్వండి, మీరు మాత్రం చెప్పడం మానకండి.

రోజు కావాలంటే జనవరి 14 ఉంది. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో రిటైర్ అయిన రోజు అది, దాన్ని మాజీ సైనికుల దినోత్సవంగా జరుపుతున్నారు. మనకి బాగా కలిసొచ్చింది, సంక్రాంతికి పిల్లలంతా ఇంటికొస్తారు కాబట్టి ఆ రోజు ఆయన మెడల్స్ పెట్టుకుని మధ్యలో కూర్చుంటే ఆ ఒక్క పేజీ మనవరాలో మనవడో చదవొచ్చు. డిసెంబరు 7 ఫ్లాగ్ డే, ఆ రోజు ఇచ్చే డబ్బు మాజీ సైనికులకీ, భర్తని యుద్ధంలో పోగొట్టుకున్న వీర నారులకీ, వాళ్ళ పిల్లలకీ ఉపయోగపడుతుంది. 71 ఆయనైతే డిసెంబరు 16, కార్గిల్ ఆయనైతే జూలై 26, శ్రీలంక ఆయనకి ఏ రోజూ లేదు కాబట్టి మార్చి 24న ఫోన్ చెయ్యండి, 1990లో మనవాళ్ళ ఆఖరి బ్యాచ్ ఆ రోజే వెనక్కొచ్చింది, ఆ తేదీ మీకు గుర్తుందని తెలిస్తేనే చాలు.

స్కూల్లోనో ఊళ్ళోనో సన్మానం పెడితే ముందు ఆయనకి ఇష్టమేనా అడగండి. ఇష్టమైతే బండి పంపండి, నీడలో కుర్చీ వెయ్యండి, నాయకులు వచ్చేదాకా రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టే పని మాత్రం దయచేసి పెట్టుకోవద్దు. పరిచయం చేసేటప్పుడు ర్యాంకు, రెజిమెంటు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అని కరెక్టుగా చదవండి, హవల్దార్ గారిని మేజర్ అనకండి, మేజర్ గారిని జవాన్ అనకండి. జేసీఓలని సైన్యంలో సాబ్ అంటారు, సుబేదార్ సాబ్ అని పిలిస్తే ఆయన వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది. శాలువా కప్పాక మైకు ఆయన చేతికి ఇచ్చి ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి, పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వండి.

పనికొచ్చే థాంక్స్ ఇంకా చాలా ఉన్నాయి. మిలిటరీ పెన్షన్ల వెబ్‌సైట్ స్పర్శ్ పోర్టల్‌లో ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో మీరే చేసిపెట్టండి, ఓటీపీ అడిగే దొంగ ఫోన్ల గురించి నాలుగైదు సార్లు చెప్పండి, పాలీక్లినిక్ రిఫరల్‌కి తోడు వెళ్ళండి. అన్నిటికంటే ఆయనకి నచ్చేది మాత్రం పాత దోస్తుని కలపడం. కథ వింటున్నప్పుడు ఒకే పేరు పదే పదే వస్తుంది చూడండి, కూర్గ్ ఆయనో కేరళ ఆయనో, ఒకే బారక్‌లో పక్క మంచం మీద పడుకున్నవాడు. ఇప్పుడు చాలా యూనిట్లకి రిటైర్ అయినవాళ్ళ వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి, యూనిట్ పేరు, సంవత్సరాలు చెప్పి నలుగురిని అడిగితే ఎవరో ఒకరు ఆ గ్రూపులో కలుపుతారు. దొరికితే వీడియో కాల్ పెట్టి మీరు పక్క గదిలోకి వెళ్ళిపోండి.

ఆయన ఇప్పటికే పోయి ఉంటే కూడా పని ఆగదు. ట్రంకు పెట్టె ఉంది, ఉత్తరాలు ఉన్నాయి, భార్య ఉంది, అదే యూనిట్‌లో చేసిన ఇంకొకరు ఏదో ఒక ఊళ్ళో ఉంటారు. స్వాతంత్ర్యం తర్వాత యుద్ధంలో ప్రాణం పోయినాయనైతే ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్ర గోడల మీద పేర్లున్నాయి, ఢిల్లీ వెళ్ళినప్పుడు ఆయన పేరు ఎక్కడుందో అక్కడివాళ్ళని అడిగి చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలోనో ఇటలీలోనో పోయిన ముత్తాత అయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు, రెజిమెంటు కొట్టి వెతకొచ్చు, ఇంగ్లీషులో మన పేర్ల స్పెల్లింగు రకరకాలుగా ఉంటుంది కాబట్టి నాలుగు రకాలుగా కొట్టి చూడండి. రికార్డ్స్ ఆఫీసుకి రాసేటప్పుడు ఉత్తరం భార్య పేరు మీద పెట్టి, ఆవిడ చేతే సంతకం పెట్టించి, డెత్ సర్టిఫికెట్ జిరాక్సు, పీపీఓ జిరాక్సు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు అదే ట్రంకు పెట్టెలో దాచండి.